పక్కోళ్ల కష్టం చెప్పు

ఆమె గుసగుసగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. యూనివర్సిటీలో మా మైక్రోబయాలజీ ల్యాబ్ పై అంతస్తులో ఉండేది, ఆమె అర్థశాస్త్రం గది సరిగ్గా దాని కింద. ఆమె ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఆ సంగతంతా నాకు పైనే తెలిసిపోయేది. ఒకసారి ఉండబట్టలేక కిందికి దిగివెళ్లి, "మేడం, ఫోన్ లేకపోయినా మీ మాట అవతలివాళ్లకు చేరుతుంది" అన్నాను. ఆమె నవ్వారు. ఆ నవ్వు కూడా పై అంతస్తు దాకా వినిపించే ఉంటుంది.

"సాంచెల నడుమ పుట్టినోళ్లం తమ్మీ. మెల్లగ మాట్లాడితే మా ఇంట్ల అన్నం గుడ దొరకకపోవు" అన్నారు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. వాళ్ల బాపు సాంచెల మీద పనిచేసేవాడు. షెడ్డు పక్కనే ఇల్లు. ఆ చప్పుడులో పిల్లలు అరిచి మాట్లాడటం ఎంత నేర్చుకుంటారో, ఎదుటివాళ్ల పెదవులు, కళ్లు చూసి మాట పట్టుకోవడం కూడా అంతే నేర్చుకుంటారు. మేడంకి ఆ రెండో అలవాటు చివరిదాకా పోలేదు. మీరు మాట్లాడుతున్నంతసేపూ మీ మొహం మీద నుంచి చూపు తిప్పేవారు కాదు. కొత్తగా చేరిన లెక్చరర్లు ఆ చూపుకి తత్తరపడి, చెప్పాల్సింది మరిచిపోయి బయటికి వచ్చేవాళ్లు.

మొన్న వైశాఖంలో ఆమె పోయారు. నిద్రలోనే, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా. నాకు ఫోన్ చేసి చెప్పింది యూనివర్సిటీ వాళ్లు కాదు, కరీంనగర్‌లో ఐస్‌క్రీం దుకాణం నడిపే యూసుఫ్ భాయ్. "సార్, మేడం సాబ్ పోయిండ్రు" అని ఫోన్ పెట్టేశాడు. అర్థశాస్త్రం చెప్పే పంతులమ్మ పోతే ఆ కబురు ఐస్‌క్రీం అమ్ముకునేవాడి నోట వచ్చిందంటే ఆమె ఎలాంటి మనిషో కొంత తెలుస్తుంది. మిగతాది నేను చెప్తాను.

మా యూనివర్సిటీలో బయటివాళ్లతో కలిసి పనిచేయడానికని ఒక విభాగం ఉంది. ఉందంటే, బోర్డు ఉంది. ఏడాదికోసారి ఒక సదస్సు జరిగేది. "పరిశ్రమలతో అనుసంధానం" అని బ్యానర్ కట్టి, వచ్చిన పెద్దమనుషులకు శాలువాలు కప్పి, బిర్యానీ తినిపించి పంపేవాళ్లం. అనుసంధానం బిర్యానీతోనే అయిపోయేది. ఆ బాధ్యతంటే అందరూ తప్పించుకు తిరిగేవాళ్లు. తిరిగి తిరిగి అది మేడం మెడకు చుట్టుకుంది. చుట్టుకున్నందుకు ఆమె సంతోషించడం చూసి మేమంతా నోరెళ్లబెట్టాం.

ఆమె ముందుగా చేసిన పని గేటు దగ్గర వాచ్‌మన్‌ని కూర్చోబెట్టి మాట్లాడటం. లుంగీ కట్టుకుని వచ్చినా, బండి మీద మూటతో వచ్చినా, "ఎవరు కావాలె, లోపల పనేంది" అని అడ్డం నిలబడొద్దు, నా గది చూపించు అని చెప్పారు. రిజిస్ట్రార్ ఫోన్ చేసి ఇదేమిటని అడిగారట. "పిల్లలు లోపటికి వచ్చేతందుకే గేటు పెట్టిన్రా సార్? మనం బయటికి పోయేతందుకు గుడ గదే గేటు గద" అన్నారు ఈమె. ఆ మాట కూడా నాకు పై అంతస్తులోనే వినపడింది.

ఆ తర్వాత కాలికి బలపం కట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. కారు డిక్కీలో ఎప్పుడూ నాలుగైదు మడత స్టూళ్లు. పత్తి మార్కెట్లో, సాంచెల షెడ్డులో, రైసుమిల్లు ముందర, ఎక్కడ పని ఉంటే అక్కడే స్టూళ్లు పరిచి మీటింగు పెట్టేవారు. ఒకే పని చేసేవాళ్లు ఇద్దరు పక్కపక్కన కూర్చోవడానికి వీల్లేదు. ఇక ఆమె మీటింగుకు ఒకే ఒక్క షరతు. ఎవరి కష్టం వాళ్లు చెప్పుకోకూడదు. పక్కన కూర్చున్నవాళ్ల కష్టం చెప్పాలి. ఆ పక్కవాళ్లు "అవ్, గదే" అనేదాకా చెప్పినవాళ్లకు విముక్తి లేదు. చాయ్ కూడా ఆ తర్వాతే.

నాకు మీటింగులంటేనే ఒళ్లు మంట. ఇక ఇలాంటి మీటింగంటే చెప్పాలా? మొదటిసారి నన్ను జమ్మికుంటకు లాక్కెళ్లినప్పుడు దారంతా సణుగుతూనే ఉన్నాను. పత్తి యార్డులో ఒక జిన్నింగు మిల్లు యజమాని, ఇద్దరు రైతులు, మా ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఒకాయన, నేను. మిల్లు యజమాని పక్కన రైతు. ఆ రైతు కష్టం చెప్పమంటే యజమాని, "వీళ్లకేం కష్టం మేడం, తూకం పెరగాలని పత్తి మీద నీళ్లు చల్లుకొస్తరు" అన్నాడు. రైతు తల అడ్డంగా ఊపాడు. "అయితే ధర" అన్నాడు. మళ్లీ అడ్డమే. ఎండ నెత్తికెక్కుతోంది, చాయ్ ఫ్లాస్కు మేడం ఒళ్లోనే ఉంది. చివరికి ఆ యజమాని విసిగిపోయి రైతు వైపు తిరిగి, తనకు తెలియదని ఒప్పుకుని, పత్తి ఎప్పుడు ఏరుతారని అడిగాడు. పొద్దున్నే మంచులో ఏరుతారని, కూలీలు తర్వాత ఇంకో చేనుకు పోతారని, ఆరబెట్టడానికి చోటు లేదని అప్పుడు తేలింది. "ఆరబెట్టుకునే జాగలేక తడిపత్తి తెస్తుండు, నేనేమో దొంగ అంటున్న. గదేనా నీ కష్టం?" అన్నాడు యజమాని. "అవ్, గదే" అన్నాడు రైతు. తర్వాత రైతు వంతు వచ్చింది, మిల్లు వాడి కష్టం చెప్పడానికి ఆయనా తక్కువ చెమటోడ్చలేదు. ఆ ఏడాది మా ఇంజినీరింగ్ పిల్లలు యార్డు వెనక ఒక ఆరబెట్టే షెడ్డు కట్టి చూపించారు. నేను మాత్రం ఆ రోజు ఆలస్యంగా దక్కిన చాయ్ గురించే ఇంటికెళ్లి చెప్పాను.

మేడంకి షుగర్ ఉండేది. ఆమె భర్త, మేమంతా సార్ అని పిలిచే ఆయన, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, బహు తక్కువ మాట్లాడేవారు. ఇంట్లో మాటల కోటా అంతా ఆమే వాడేసేవారని మేం నవ్వుకునేవాళ్లం. ఆయన పని ఒక్కటే, మేడం చేతికి తీపి చిక్కకుండా చూడటం. మేం వాళ్లింటికి వెళ్తే మాకు పెట్టిన మిఠాయి పళ్లెం ఆయన మెల్లగా ఆమెకు దూరం జరిపేవారు. ఆమె దానివైపు చూడనట్టే చూసేవారు.

సీతాఫలాల కథ ఆదిలాబాద్ దారిలో మొదలైంది. బతుకమ్మ పండుగ దగ్గర పడుతున్న రోజులు. ఏదో పరీక్షల పని మీద ఇద్దరం వెళ్లి తిరిగి వస్తున్నాం. ఉట్నూరు దాటాక రోడ్డు పక్కన వరసగా గంపలు, గంపల నిండా కళ్లు విచ్చిన కాయలు, వాటి వెనక గోండు ఆడవాళ్లు. ఒకచోట ఒకామె మెత్తబడిన పండ్లను గంపెడు తీసుకెళ్లి పశువుల ముందు పోస్తోంది. మేడం కారు ఆపించారు.

"ఎందుకు పోస్తున్నవమ్మా, అమ్మరాదు?" అని ఇటునుంచే అరిచారు.

"ఎవలు కొంటరు? అన్ని ఒక్కసారే పండుతయి. పొద్దుగాల గట్టిగుంటయి, మాపటికి మెత్తగైతయి. సేటు వచ్చేదాక ఆగయి" అంది ఆమె. పేరు సోంబాయి. ఆ గూడెం ఆడవాళ్ల సంఘానికి పెద్ద. నా చేతిలో ఒక పండు పెట్టింది. నేను తింటుంటే మేడం నా మొహమే చూస్తూ కూర్చున్నారు. గింజలు ఉమ్మేసి ఇంకో పండుకు చెయ్యి చాపాను.

"ఎండకాలంల దొరికితే ఎట్లుంటది తమ్మీ?" అన్నారు.

"దొరకదు కదా మేడం" అన్నాను.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. దొరకదు అనే మాట ఆమె ముందు అన్నామంటే ఆ పని మన నెత్తినే పడుతుంది.

పండిన పూటకే మెత్తబడే పండును వేసవి దాకా ఎలా నిలపాలి? గుజ్జు తీసి దాచాలి. మళ్లీ ఏడాది సంఘం పేరున బ్యాంకు వాళ్లు పెద్ద ఫ్రీజర్ ఇప్పించారు. గూడెంలో బడి పక్కన ఒక గది దొరికింది. గుజ్జు కొనేవాడిగా మేడం యూసుఫ్ భాయ్‌ని పట్టుకొచ్చారు. ఆయన కుల్ఫీకి కరీంనగర్‌లో పేరుంది. గుజ్జు పాడవకుండా చూసే పని నాది. సోంబాయి గూడెంలో ఇంటింటికీ తిరిగి, ఈసారి పండ్లు రోడ్డు మీదికి తీసుకుపోవద్దని, సంఘం గదికి తేవాలని ఒప్పించింది. కొందరు మగవాళ్లు గొణిగారు. అయినా గంపలు వచ్చాయి.

మొదటి విడత గుజ్జు ముగ్గురం మూడు రకాలుగా పాడుచేశాం. నాకు సూక్ష్మజీవులంటే వృత్తిరీత్యా అనుమానం. పాలను వేడిచేసినట్టు గుజ్జును వేడిచేసి సీసాల్లో పోశాను. మర్నాటికి అది గులాబీ రంగుకు తిరిగి, నోట్లో పెడితే చేదు. యూసుఫ్ భాయ్‌కి నేను కొంత పచ్చి గుజ్జు ఇస్తే, ఆయన కోవా కాచినట్టు పాలల్లో వేసి సలసలా మరగబెట్టాడు. అదీ చేదే. మరగబెట్టని గుజ్జు మిగిలింది కదా అని దాన్ని రుచి చూస్తే నాలుక మీద ఇసుక నమిలినట్టు కరకర. కొండెక్కి తెచ్చుకున్న పండులో వీసమెత్తు కూడా వదలకూడదని ఆడవాళ్లు తొక్క దాకా చెంచాలతో గీకేశారు. తొక్కనంటి ఉన్న పొరలోనే ఆ కరకర అంతా ఉంటుంది.

ముగ్గురం గూడెంలో ఆ గదిలో చేరాం. యూసుఫ్ భాయ్ అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు. "నా గిరాకీ అంత పరేషాన్ అయ్యింది సాబ్. ఒక చిన్న పిల్ల చెంచా నోట్ల పెట్టి ఉమ్మేసింది. గీ గుజ్జు నాకద్దు."

"మా పండు మంచిగనే ఉండె. మీరే కరాబ్ చేసిన్రు. కాగబెట్టమని మిమ్ముల ఎవలు చెప్పిన్రు?" అంది సోంబాయి. వాకిట్లో ఆడవాళ్లు నిలబడి వింటున్నారు.

నేను నా ల్యాబ్ రిపోర్టు గురించి ఏదో మొదలుపెట్టాను. మేడం కారు డిక్కీ తీసి స్టూళ్లు తెచ్చి వేశారు. నాకు పక్కన సోంబాయి. సోంబాయికి పక్కన యూసుఫ్ భాయ్. ఆయనకు పక్కన నేను.

"యూసుఫ్ భాయ్, సార్ కష్టం చెప్పు."

"ఆయనకేం కష్టం, సర్కారు జీతం" అన్నాడు యూసుఫ్ భాయ్. నేను తల అడ్డంగా ఊపాను. నన్ను ఎగాదిగా చూశాడు. "సార్‌కు భయం మేడం సాబ్. రేపు ఎవనికన్న కడుపు నొస్తె సార్ పేరు పోతది. అందుకే అన్నిటిని కాగబెడ్తుండు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "అవ్, గదే" అన్నాను.

"సోంబాయి, గీ భాయ్ కష్టం చెప్పు."

సోంబాయి యూసుఫ్ భాయ్ వైపు తిరిగింది. "ఈయన పేరు మీద పోరగాండ్లు తింటరు. నోట్ల కరకర తాకితే ఉమ్మేస్తరు. మల్ల ఆ దుకాణం దిక్కు రారు. కొండ మీది పండు, పారేస్తే పాపమని మేం గీకుతం. మా గీకుడుకు ఈయన దుకాణం పోతది." ఆ మాట అంటూనే వాకిలి వైపు తిరిగి, "ఓ అవ్వలారా, రేపటి సంది గీకుడు బంద్. నడిమిట్లది తియ్యిండ్రి, మిగిలింది మేకలకు" అని కేకేసింది.

"అవ్, గదే" అన్నాడు యూసుఫ్ భాయ్. ఆయన మొహం అప్పటికే సగం చల్లబడింది.

ఇక నా వంతు. సోంబాయి కష్టం చెప్పాలి. రవాణా అన్నాను. కాదంది. ధర అన్నాను. కాదంది. కరెంటు పోతే ఫ్రీజర్ ఆగిపోతుందనా? అదీ కాదు. మేడం నా మొహమే చూస్తున్నారు. వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె తన ఖాళీ గంప ఎత్తుకుని రోడ్డు వైపు చూస్తోంది. అది చూశాక తోచింది నాకు.

"నీ మాట మీద వీళ్లు రోడ్డు మీది బేరం వదులుకొని వచ్చారు. ఈసారి ఇది చెడిపోతే మళ్లీ ఎవరూ నీ మాట వినరు. సంఘం విడిపోతుంది. అదేనా?"

సోంబాయి కళ్లు తుడుచుకుంది. "అవ్, గదే."

అప్పుడు దక్కింది చాయ్. దాన్ని తాగుతుండగానే పని తేలిపోయింది. వేడి వద్దు, చలి చాలు. చేతులు శుభ్రంగా కడిగి, తొడుగులు వేసుకుని, నడిమి గుజ్జు మాత్రం తీసి, రంగు మారకుండా కొంచెం విటమిన్ సి పొడి కలిపి, గాలి తీసిన సంచుల్లో వెంటనే గడ్డకట్టించాలి. నా భయం తీరడానికి ప్రతి విడత నుంచి ఒక సంచి ల్యాబ్‌కు తీసుకెళ్లి పరీక్షిస్తాను. యూసుఫ్ భాయ్ పాలు మరిగించి, పూర్తిగా చల్లారాకే గుజ్జు కలుపుతాడు. ఇదంతా ఎక్కడో ఎవరో కనిపెట్టే ఉంటారు. మా ముగ్గురికీ కలిసి తెలియడానికే ఆ స్టూళ్లు కావలసి వచ్చాయి.

అయినా నిలుస్తుందో లేదో వేసవికి గానీ తెలియదు. ఆ చలికాలమంతా సోంబాయి కరెంటు పోయినప్పుడల్లా ఫ్రీజర్ మీద గొంగళ్లు కప్పి, మూత ఎవరినీ తెరవనిచ్చేది కాదట. హోలీ దాటి ఎండలు ముదిరాక మేమంతా మళ్లీ ఆ గదిలో కూర్చున్నాం. ఆడవాళ్లందరూ వచ్చారు, గొణిగిన మగవాళ్లు కూడా వచ్చారు. సోంబాయి సంచి కత్తిరించింది. గుజ్జు తెల్లగా ఉంది. యూసుఫ్ భాయ్ తెచ్చిన చల్లటి పాలల్లో కలిపి తలా ఒక చెంచా ఇచ్చింది.

మేడం చేతిలోనూ చెంచా ఉంది. ఆమె తినలేదు. దాన్ని అలాగే పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ పోయారు. యూసుఫ్ భాయ్ కళ్లు మూసుకున్నాడు. సోంబాయి చెంచా నాకింది, మళ్లీ నాకింది. మేడం గట్టిగా చప్పట్లు కొట్టారు.

"అయ్యింది! నిలిచింది!"

"ఒక్క చుక్క నాలుక మీద వేసుకోండి మేడం, ఏం కాదు" అన్నాను.

"వద్దు తమ్మీ, మా ఇంట్ల సార్‌కు మాటిచ్చిన. మీ మొకాలు చూస్తే కడుపు నిండింది" అని ఆ చెంచాను పక్కనున్న పిల్ల నోట్లో పెట్టేశారు.

అప్పటినుంచి ప్రతి వేసవీ కరీంనగర్‌లో సీతాఫలం కుల్ఫీ దొరుకుతోంది. సంచులు ఐస్ పెట్టెల్లో బస్సు పార్సిల్‌లో వస్తాయి. సంఘం విడిపోలేదు, పక్క గూడేల వాళ్లు కూడా చేరారు. మా పిల్లలు ఎమ్మెస్సీ ప్రాజెక్టులకు అక్కడికే వెళ్తున్నారు, వెళ్లినప్పుడు నేను స్టూళ్లు వేస్తాను. నేను! మీటింగులంటే పారిపోయేవాడిని. మేడం రిటైరైన రోజు యూనివర్సిటీ వాళ్లు సభ పెట్టి శాలువాలు కప్పుతుంటే, వేదిక మీంచే, "గీ శాలువలన్ని ఏం జేసుకోను, మా సిరిసిల్ల దుప్పటి తెస్తే పిల్లలకన్న పనికొచ్చు" అన్నారు. మైకు అక్కర్లేకుండానే అందరికీ వినిపించింది.

పెద్దకర్మ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. వాళ్ల ఇంటి హాల్లో ఫోటోకు దండ వేసి ఉంది. సార్ ఒక మూల కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఎప్పటిలాగే మౌనంగా. యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి నాలుగు మంచి మాటలు చెప్పారు. యూసుఫ్ భాయ్ కూడా లేచాడు. "మేడం సాబ్ అసుంటి మనిషి..." అని మొదలుపెట్టాడో లేదో, సోంబాయి అడ్డుపడింది. తెల్లారకముందే బస్సెక్కి, ఒళ్లో ఐస్ పెట్టె పెట్టుకుని వచ్చింది.

"ఉండు భాయ్. పొగుడుడు మేడంకు నచ్చదు. నేను మేడం కష్టం చెప్త."

సోంబాయి ఫోటో ముందు కూర్చుంది.

"మా పండు నిలవాలని మేడం ఎన్ని మాట్ల మా గూడెం వచ్చిందో. ఊరందరు తిన్నరు, సార్లు తిన్నరు, కలెక్టర్ సారు తిన్నడు. మేడం ఒక్క చెంచ తినలే. తినబుద్ధి కాక కాదు. చెంచా పట్టుకొని మా మొకాలు చూసుకుంట కూసునేది. మేం నమిలితే ఆమె గుటక మింగేది. నేన్ చూసిన."

పెట్టె తెరిచింది. వైశాఖ మాసపు ఎండలో ఆ గదిలోకి సీతాఫలం వాసన వచ్చింది. ఒక చిన్న కప్పు ఫోటో ముందు పెట్టి, దాంట్లో చెంచా వేసింది.

"ఇగ తిను మేడం. ఇప్పుడు నీకు షుగర్ లేదు. ఇగ నీకు ఎవలు అడ్డం చెప్పరు."

మా అందరికీ అలవాటైపోయింది కదా, ఆ మాటకు జవాబు రావాలని ఎదురుచూశాం. పై అంతస్తు దాకా వినిపించే ఆ గొంతు రాదని తెలిసీ ఎదురుచూశాం. నా కళ్లు నిండాయి. యూసుఫ్ భాయ్ గోడ వైపు తిరిగిపోయాడు.

మూల కుర్చీలోంచి సార్ లేచారు. నిదానంగా వచ్చి ఫోటో ముందు కూర్చున్నారు. ఇన్నేళ్లూ ఆమె ముందు నుంచి తీపి పళ్లేలు పక్కకు జరిపిన ఆ చేత్తోనే, ఆ కప్పును ఫోటోకు ఇంకొంచెం దగ్గరగా జరిపారు.

"అవ్, గదే" అన్నారు.